ముందు తెరుచుకున్న పేజీ

తుఫాను హెచ్చరిక వచ్చిన ఆ రోజు పొద్దున నేను గుడివాడలో ఇంట్లోనే ఉండి పని చేసుకుని ఉండొచ్చు. మా ఆయన అదే అన్నాడు. "నీ పనంతా ఆ లాప్‌టాప్‌లోనే కదా, ఈ గాలిలో బందరు వెళ్లడం ఎందుకు?" అని. మా వీధిలో నాలుగు చినుకులు పడితే కరెంటు పోతుంది, దాంతోపాటు నెట్టూ పోతుంది. బందరులో మా ఆఫీసుకి యూపీఎస్ ఉంది. రైళ్లు ఆపేశారని తెలిసి బస్సెక్కాను. పెడన దాటేసరికి ఆకాశం మొత్తం బూడిద రంగుకి తిరిగింది. బస్సులో పది మంది కూడా లేరు. కండక్టరు నన్ను చూసి, "సాయంత్రం తిరుగు బస్సు ఉంటుందో లేదో చెప్పలేనమ్మా" అన్నాడు.

నాది చిన్న ఉద్యోగం. ముగ్గురం పనిచేసే కంప్యూటర్ ఆఫీసు. స్కూళ్లకి, కలంకారీ బట్టల షాపులకి, రొయ్యల మేత అమ్మేవాళ్లకి వెబ్‌సైట్లు చేసిపెడతాం. మా దగ్గరకొచ్చే పనుల్లో ప్రాణం మీదకొచ్చేవి ఉండవు. ఓ షాపు పేజీ పూటంతా తెరుచుకోకపోతే ఓనరు ఫోన్ చేసి విసుక్కుంటాడు, అంతవరకే. ఆ సంవత్సరం వచ్చిన ఒక్క పని మాత్రం వేరు. నాగాయలంక వైపు వేటకెళ్లే బోట్లవాళ్ల సంఘం ఒకటుంది. దాని సెక్రటరీ, బడి నుంచి రిటైరైన లెక్కల మాస్టారు, ఓ రోజు గొడుగు పట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కి వచ్చారు.

"అమ్మాయ్, తుఫాను అనగానే మా రేవుల్లో ఏం జరుగుతుందో నీకు తెలుసా?" అని అడిగారు.

తెలీదన్నాను. సముద్రానికి ఇంత దగ్గర్లో పుట్టి పెరిగినా, మంగినపూడిలో ఎప్పుడైనా కాళ్లు తడుపుకోవడం తప్ప నాకు సముద్రం గురించి ఏమీ తెలీదు.

"ఆడవాళ్లంతా రేవు మీదకొచ్చి నిలబడతారు. ఒక బోటు ఈ రేవుకి రాకుండా పక్క రేవులో దిగుతుంది. అది వీళ్లకి తెలీదు. నాకు ఫోన్ల మీద ఫోన్లు. నేనేమో నోటుపుస్తకంలో నంబర్లు రాసుకుంటూ ఉంటాను. నా పుస్తకం అందరికీ కనపడేట్టు చెయ్యగలవా?"

చెయ్యగలనన్నాను. ఒక స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రాం, రాశాను. ప్రతి రేవులోనూ ఒక మనిషి, బోటు ఒడ్డుకి రాగానే దాని నంబరు ఫోన్‌లో ఎక్కిస్తాడు. పేజీ ఎవరు తెరిచినా స్క్రిప్ట్ ఆ క్షణానికి ఉన్న నంబర్లన్నీ తెచ్చి చూపిస్తుంది. వచ్చిన బోటు పచ్చ రంగులో 'చేరింది' అని, రానిది ఎర్ర రంగులో 'ఇంకా రాలేదు' అని. నాగాయలంక రేవులో నంబర్లు ఎక్కించే పని ఐసు కొట్టు ఆయన ఒప్పుకున్నారు. వేటకి వెళ్లే ప్రతి బోటూ ఆయన దగ్గర ఐసు గడ్డలు ఎక్కించుకునే వెళ్తుంది కాబట్టి ఆయనకి తెలియని బోటు లేదు.

ఆ రోజు ఎనిమిదిన్నరకి ఆఫీసు తలుపు తీసేసరికి ఐసు కొట్టు ఆయన అప్పటికే పని మొదలుపెట్టారు. నా కంప్యూటర్లో పేజీ తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కో ఎర్ర వరసా పచ్చగా మారుతోంది. మిగతా ఇద్దరూ ఆ రోజు రాలేదు. ఆఫీసులో నేనొక్కదాన్నే. కిటికీ రెక్కలకి గడియ పెట్టుకుని, టీ పెట్టుకుని, ఆ వరసలు మారడం చూస్తూ ఉంటే గర్వంగా అనిపించింది. ఆ మాట దాచుకోవడం ఎందుకు. నేను రాసిన పది పదిహేను పేరాల కోడు అక్కడ రేవులో నిలబడ్డవాళ్ల గుండెలు కుదుటపరుస్తోందనుకున్నాను.

పదింటికి అయిదు బోట్లు మాత్రం ఎర్రగా మిగిలాయి. గాలి బాగా పెరిగింది. ఎదురింటి రేకులు దడదడలాడుతున్నాయి.

పది దాటాక ఐసు కొట్టు ఆయన ఫోన్ చేశారు.

"మేడం గారూ, ఒక్క సందేహం. ఫలానా నంబరు బోటు వచ్చేసిందని మీ పేజీలో ఉంది. నేనైతే ఎక్కించలేదు. వేరే రేవువాళ్లు ఎవరైనా ఎక్కించారా?"

చూశాను. ఆ నంబరు ఎర్రగానే ఉంది. "లేదండీ, ఇంకా రాలేదనే చూపిస్తోంది."

"నేను కళ్లతో చూశానండీ. ఆ బోటు నడిపే సరంగు వాళ్లావిడ ఇందాక ఫోన్ తెచ్చి నాకే చూపించింది. పచ్చగా ఉంది. చేరింది అని ఉంది. ఏ రేవులో దిగాడో, ఫోన్ కలవట్లేదు, సరే వచ్చేశాడు చాల్లే అని ఇంటికి వెళ్లిపోయింది."

నాకు ఇంకా అర్థం కాలేదు. "ఆవిడ కొట్టిన అడ్రస్సే మీ ఫోన్‌లో కొట్టి, ఆ పేజీ ఫొటో తీసి పంపిస్తారా?" అన్నాను.

ఫొటో వచ్చింది. పై నుంచి కింద వరకూ ప్రతి బోటూ పచ్చగా ఉంది. ఒక్క ఎర్ర వరస లేదు.

ఆ పేజీని నేను గుర్తుపట్టాను. రెండు నెలల కిందట మాస్టారికి, పేజీ ఎలా ఉండబోతోందో చూపించడానికి చేతితో తయారుచేసిన నమూనా అది. స్క్రిప్ట్ అప్పటికి రాయలేదు. ఆయనిచ్చిన జాబితాలో ఉన్న అసలు బోట్ల నంబర్లే పెట్టాను, చూడటానికి బాగుంటుందని. అన్నిటికీ 'చేరింది' అని పెట్టాను, అదీ చూడటానికి బాగుంటుందనే. మాస్టారి వరండాలో కూర్చుని చూపిస్తే ఆయన నవ్వి, "ఎప్పుడూ ఇట్లాగే ఉంటే ఎంత బాగుంటుంది" అన్నారు. తర్వాత స్క్రిప్ట్ రాసి అదే ఫోల్డర్‌లో పెట్టాను. నమూనాని తీసెయ్యడం మర్చిపోయాను.

పేజీలన్నీ దాచుకుని, అడిగినవాళ్లకి పంపే కంప్యూటరు సర్వర్. దాని సంగతి ఒకటి చెప్పాలి. అడ్రస్ చివర ఫైలు పేరు కూడా కొడితే సర్వర్ ఆ ఫైలే ఇస్తుంది. ఫోల్డర్ పేరు వరకే కొట్టి ఆగితే, అందులో ముందు ఏది చూపించాలో దానికి ఒక వరస రాసి ఉంటుంది. మామూలుగా ఆ వరసలో మొదట ఉండేది 'ఇండెక్స్' అనే మామూలు పేజీ. స్క్రిప్టుని ముందు పేజీగా నడపమని మనం విడిగా చెప్తే తప్ప సర్వర్ దాని జోలికి వెళ్లదు. నేను చెప్పలేదు. నా నమూనా పేరు ఇండెక్స్. నేనూ, రేవుల్లో నంబర్లు ఎక్కించేవాళ్లూ స్క్రిప్ట్ పేరుతో సహా ఉన్న పొడుగు అడ్రస్ వాడుతున్నాం కాబట్టి మాకు నిజం కనపడుతోంది. మిగతావాళ్లందరికీ నా నమూనా కనపడుతోంది.

వాళ్లకి పొట్టి అడ్రస్ ఎవరిచ్చారో అడిగి తెలుసుకోవాల్సిన పని లేకపోయింది. మాస్టారు పొద్దున ఏడింటికే అన్ని గ్రూపుల్లోనూ వాయిస్ మెసేజ్ పెట్టారు. "సంఘం అడ్రస్ కొట్టి, గీత గీసి, బోట్లు అని కొట్టండి, అంతే చాలు." వరండాలో ఆ రోజు నేను కొట్టి చూపించిన అడ్రస్ అదే. ఆయన గుర్తుపెట్టుకున్నారు.

ఐసు కొట్టు ఆయన లైన్‌లోనే ఉన్నారు. "ఏమంటారు మేడం గారూ?"

"అది అబద్ధం అండీ" అన్నాను. "ఆ పచ్చ పేజీ నేను ఉత్తినే తయారుచేసింది. ఆ బోటు రాలేదు. అయిదు బోట్లు ఇంకా రాలేదు."

ఆయన వెనకాల గాలి హోరు వినపడుతోంది.

"మరి పడవలు వెళ్లిపోయినయ్యే" అన్నారు. "రానివాళ్లని చూసి రమ్మని రెండు బోట్లని కాలవలోకి పంపించాం. నాలుగు నంబర్లే ఇచ్చాం. ఆవిడ వచ్చేశాడని చెప్పింది కదా, ఆ నంబరు కొట్టేశాం."

ఆ రెండు బోట్లలో ఒకదానికైనా ఫోన్ చేసి ఆ నంబరు కూడా చెప్పమన్నాను. సిగ్నల్ దొరికితే చెప్తానన్నారాయన. ఫోన్ పెట్టేసి సర్వర్‌లోకి వెళ్లాను.

ఆలోచించకుండా చేసిన మొదటి పని నమూనాని చెరిపెయ్యడం. ముందు పేజీ లేకపోయేసరికి సర్వర్, ఈ ఫోల్డర్ చూడటానికి మీకు అనుమతి లేదు అని ఇంగ్లీషులో చూపించడం మొదలుపెట్టింది. మూడు నిమిషాల్లో మాస్టారి ఫోన్.

"అమ్మాయ్, గవర్నమెంటువాళ్లు పేజీ ఆపేశారంటున్నారు జనం. ఏదో జరిగింది, చెప్పట్లేదు అంటున్నారు. నిజమేనా?"

"కాదు మాస్టారూ, నేనే. ఒక్క పది నిమిషాలు ఇవ్వండి." ఆయనకి అప్పుడే మొత్తం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

నా లాప్‌టాప్‌లో ఉన్న స్క్రిప్టుకి ఇండెక్స్ అని పేరు మార్చి ఎక్కించాను. ఫోల్డర్ తెరిస్తే ముందు దీన్నే చూడమని సెట్టింగ్స్ ఫైల్లో ఒక వరస రాశాను. పొట్టి అడ్రస్ కొట్టాను. పేజీ వచ్చింది. బోట్లు లేవు. నేను రాసిన కోడు మొత్తం, అక్షరం పొల్లుపోకుండా, తెర మీద పరుచుకుని ఉంది. పాత పేరుతో ఉన్న స్క్రిప్టు ఒక్కదాన్నే నడపమని అప్పట్లో చెప్పి ఉంచాను కాబట్టి, సర్వర్ ఈ కొత్త పేరుదాన్ని నడపకుండా ఉత్త కాగితంలా చదివి చూపిస్తోంది. అందులో రేవులవాళ్లు నంబర్లు ఎక్కించడానికి వాడే పాస్‌వర్డ్ కూడా ఉంది. అది ఎవరి కంటైనా పడితే ఏ బోటునైనా పచ్చగా మార్చెయ్యొచ్చు. వెంటనే తీసేశాను. ఆ కొద్దిసేపట్లో ఎంతమంది చూశారో తెలీదు. పాస్‌వర్డ్ మార్చి, కొత్తది రేవులన్నిటికీ మెసేజ్ పెట్టాను.

అప్పటికి కాస్త బుర్ర పనిచేసింది. ఉత్తి పేజీ ఒకటి తయారుచేసి ఆ ఫోల్డర్‌లో పెట్టాను. అందులో రెండే ముక్కలు రాశాను. "ఇంతకు ముందు ఇక్కడ కనపడిన జాబితా నిజం కాదు. మీ బోటు గురించి రేవుకి ఫోన్ చేసి అడగండి." ఈ పని అన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది. నాకు తట్టేసరికి పావుగంట పోయింది.

ఇక స్క్రిప్టుని వేరే ఫోల్డర్‌లో పెట్టి ప్రయత్నాలు మొదలుపెట్టాను. ఈ ఫోల్డర్‌లో స్క్రిప్టులు నడపొచ్చని సర్వర్‌కి అనుమతి ఇచ్చాను. ఈ రకం ఫైళ్లని చూపించొద్దు, నడుపు అని ఇంకో వరస రాశాను. ఈసారి సర్వర్‌లో లోపం అని వచ్చింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యిమంది. లైట్లు ఆర్పేసి, ఫ్యాను ఆపేసి, లాప్‌టాప్ ఒక్కటీ ఉంచాను. ఇంకో నిమిషానికి ఆఫీసు నెట్ పోయింది. సెల్‌ఫోన్ నెట్ లాప్‌టాప్‌కి కలిపి, ఫోన్‌ని సిగ్నల్ కోసం కిటికీ దగ్గర స్టూలు మీద పెట్టాను. వాన జల్లు కిటికీ సందుల్లోంచి లోపలికి కొడుతోంది. ఫోన్ తడవకుండా నా చున్నీ మడిచి అడ్డం పెట్టాను.

లోపం ఎక్కడుందో సర్వర్ చెప్పదు. ఏదో లోపం ఉందనే చెప్తుంది. లోపాలు రాసి పెట్టుకునే ఫైలు తెరవబోతే అది సగం వచ్చి ఆగిపోతోంది. మళ్లీ తెరిచాను. మళ్లీ ఆగింది. నేను ప్రార్థన చేసుకోవడం మానేసి చాలా ఏళ్లయింది. మా అమ్మ ఆదివారం ఆదివారం చర్చిలో నా తరఫున కూడా చేస్తుందని నాకు ధీమా. ఆ కుర్చీలో కూర్చుని, ఆ ఫైలు ఒక్కసారి పూర్తిగా తెరుచుకోనివ్వు ప్రభువా అన్నాను. ఆ సరంగు గురించి కాదు, ఫైలు గురించి అడిగాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మూడోసారి తెరుచుకుంది. స్క్రిప్ట్ మొదటి వరస సర్వర్‌కి అర్థం కావట్లేదు. ఆ వరస నాకు సరిగ్గానే కనపడుతోంది. అయిదారు నిమిషాలు దానివంక చూస్తూ కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. కిందటి వారం ఒక చిన్న మార్పు కోసం ఆ ఫైలుని మా ఇంట్లో పాత కంప్యూటర్లో తెరిచి సేవ్ చేశాను. ఆ కంప్యూటరు ప్రతి వరస చివరా కంటికి కనపడని ఒక గుర్తు పెడుతుంది. సర్వర్‌కి ఆ గుర్తు పడదు. పొడుగు అడ్రస్‌లో ఉన్నది సర్వర్‌లోని పాత ప్రతి కాబట్టి నడుస్తోంది. ఇందాక కంగారులో నేను పేరు మార్చి ఎక్కించినది నా లాప్‌టాప్‌లోని ఈ కొత్త ప్రతి. ఆ గుర్తులన్నీ తీసేసి మళ్లీ ఎక్కించాను. దాన్ని నడపడానికి అనుమతి ఇచ్చాను. ఆ వేరే ఫోల్డర్ అడ్రస్ కొట్టాను.

బోట్లు వచ్చాయి. నలుపూ తెలుపూ కోడు కాదు, అసలైన జాబితా. అయిదు ఎర్ర వరసలు. దాన్ని అసలు ఫోల్డర్‌లోకి మార్చి, ఉత్తి పేజీని తీసేశాను. పన్నెండున్నర అయింది.

ఐసు కొట్టు ఆయనకి ఫోన్ చేశాను. "ఇప్పుడు మీ ఫోన్‌లో తెరవండి."

"తెరిచానండీ. పచ్చగానే ఉంది."

"అన్నీనా?"

"అన్నీ."

ఆయన ఫోన్ పొద్దున తెరిచిన పేజీని దాచి పెట్టుకుని, సిగ్నల్ సరిగ్గా లేకపోయేసరికి అదే తీసి మళ్లీ చూపిస్తోంది. "పేజీని కిందకి లాగి వదలండి" అన్నాను. ఆయన లాగి వదిలారు. ఎర్ర వరసలు వచ్చాయన్నారు. నేను కళ్లు మూసుకున్నాను. సర్వర్‌లో నేనేం సరిచేసినా, పొద్దున నుంచి ఎన్ని ఫోన్లలోకి ఆ పచ్చ పేజీ వెళ్లిందో అన్నిట్లోనూ అది కూర్చుని ఉంది. అక్కడ నుంచి దాన్ని నేను వెనక్కి తెచ్చుకోలేను. మనుషులకి మనుషులే చెప్పాలి.

"ఆ బోట్లకి ఫోన్ కలిసిందా?" అని అడిగాను.

"ఒకటి కలిసింది. చెప్పాను. వెతుకుతామన్నారు. ఆ నాలుగూ దొరికినయ్యి, లాక్కొస్తున్నారు. ఇదొక్కటే కనపడలేదంట."

మిగిలిన నాలుగు ఇళ్లకీ వార్త చెప్పే పని ఆయన తీసుకున్నారు. సరంగు వాళ్లావిడకి మాత్రం నేనే చెప్తానన్నాను. జాబితాలో ఆవిడ ఫోన్ నంబరు ఉంది.

"అమ్మా, నేను బందరు నుంచి మాట్లాడుతున్నాను. బోట్ల పేజీ చేసింది నేనే."

"ఆ, చెప్పండమ్మా. చూశామండీ. చాలా ఉపకారం చేశారు. మా ఆయన ఫోను స్విచ్చాఫ్ వస్తంది. చార్జింగ్ అయిపోయుంటది." వెనకాల ఏదో తాలింపు వేస్తున్న చప్పుడు. ఒక పాప ఏదో పాఠం గట్టిగా చదువుతోంది.

"ఆ పేజీ తప్పమ్మా" అన్నాను. "అది నేను ఊరికే చూపించడానికి చేసిన నమూనా. నా పొరపాటు వల్ల మీకు కనపడింది. మీ బోటు చేరినట్టు ఏ రేవులోనూ ఎవరూ చెప్పలేదు."

చప్పుడు ఆగింది. స్టవ్ కట్టేసి ఉంటుంది. పాప చదువు మాత్రం సాగుతోంది.

"అంటే రాలేదా?"

"వచ్చినట్టు ఎవరూ చూడలేదు. ఏమైందో నాకు తెలీదమ్మా. బోట్లు వెతకడానికి వెళ్లాయి."

"తెలీదా" అంది. తిట్టలేదు. ఫోన్ కట్ చేసింది.

ఆ తర్వాత నేను చెయ్యగలిగిన పనేమీ మిగల్లేదు. అది అన్నిటికన్నా కష్టంగా ఉంది. లాప్‌టాప్‌లో చార్జింగ్ తగ్గుతోంది. పేజీని మళ్లీ మళ్లీ తెరవడం, చూడటం. ఒకటిన్నరకి నాలుగు బోట్లు పచ్చగా మారాయి. ఒకటి ఎర్రగా ఉంది. బయట కొబ్బరి మట్టలు రోడ్డు మీద పడుతున్నాయి. మా ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. బస్సులు లేవని, ఇక్కడే ఉంటానని చెప్పాను. నా గొంతు విని ఏమైందని అడిగాడు. తర్వాత చెప్తానన్నాను.

మూడింటికి మాస్టారికి నేనే ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"పొట్టి అడ్రస్ పంపింది నేను కదమ్మా" అన్నారు.

"మీకు చూపించింది నేను."

"సరే. జనానికి నెట్ సమస్య అని చెప్దాం. నిన్ను అల్లరి చెయ్యడం నాకిష్టం లేదు."

ఆ మాటకి ఒప్పేసుకోవాలని ఎంతగా అనిపించిందో చెప్పలేను. ఊ అంటే చాలు. ఎవరికీ తెలిసే అవకాశం లేదు. "వద్దు మాస్టారూ, ఆవిడకి అప్పుడే చెప్పేశాను" అన్నాను. నా నిజాయితీ ఏమీ లేదు అందులో. చెప్పేశాను కాబట్టి ఇంక దాచడం కుదరదు, అంతే.

నాలుగు దాటాక ఐసు కొట్టు ఆయన ఫోన్ చేశారు. నా ఫోన్ మోగితే ఎత్తడానికి భయపడ్డాను.

"దొరికారండీ" అన్నారు. "మడ చెట్ల మధ్యలో ఓ పాయలోకి దూరిపోయున్నారు. నీళ్లలో తిరిగే ఇంజను ఫ్యానుకి వల చుట్టుకుందంట. తాడు కట్టి లాక్కొస్తున్నారు. బోట్లో నలుగురూ బాగానే ఉన్నారు. సరంగుకి అరచెయ్యి తెగింది."

మేము మాట్లాడుతున్నంతసేపూ తెర మీద చివరి వరస రంగు మారలేదు. ఆయన ఎక్కించలేదు. ఎందుకని అడిగాను.

"ఒడ్డుకి రానివ్వండి మేడం గారూ" అన్నారు. "కళ్లతో చూశాక ఎక్కిస్తాను."

అయిదింటికి ఎక్కించారు. ఆ తుఫాను ఉత్తరానికి వెళ్లి తీరం దాటింది. దివిసీమలో వరి పడిపోయింది, రెండు రోజులు కరెంటు లేదు, రొయ్యల చెరువుల గట్లు తెగాయి. మనుషుల ప్రాణాలకి ఏమీ కాలేదు.

వారం తర్వాత నాగాయలంక వెళ్లాను. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా వెళ్లే బస్సు. దారి పొడుగునా చేలల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. నేలకి పడుకున్న వరిని జనం కట్టలుగా కట్టి నిలబెడుతున్నారు. ఏం మాట్లాడాలో దారంతా అనుకుంటూనే ఉన్నాను. దిగాక ఒక్క మాటా గుర్తులేదు.

మాస్టారు నన్ను వాళ్లింటికి తీసుకెళ్లారు. రెండు గదుల డాబా. ముందు వరండాలో వల ఆరేసి ఉంది. ఆవిడ నా వయసుదే, ముప్పై అయిదు ఉండొచ్చు. కుర్చీ తెచ్చి వేసింది. మంచినీళ్లిచ్చింది. సరంగు గుమ్మం పక్కన పీట మీద కూర్చున్నాడు, కుడి చేతికి కట్టుతో.

"క్షమించమని అడగడానికొచ్చాను" అన్నాను.

ఆవిడ చీర కొంగు సరిచేసుకుని కింద కూర్చుంది.

"ఆయన రాకపోవడం మాకు కొత్త కాదండీ. ఒక్కోసారి రెండు రోజులు ఆలస్యం అవుద్ది. రేవు మీద నిలబడతాం, ఏడుస్తాం, దణ్ణం పెట్టుకుంటాం. అది అలవాటే. మీ పేజీ చూశాక నేను ఇంటికొచ్చి రెండు గంటలు వంట చేసుకున్నాను. పులుసు పెట్టాను. పాపకి జడ వేశాను. రేడియో పెట్టుకున్నాను. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన అక్కడ చెయ్యి కోసుకుని కూర్చుంటే నేను రేడియో విన్నాను."

నేను మంచినీళ్ల గ్లాసు కింద పెట్టాను.

"ఊరుకోవే" అన్నాడు సరంగు, మెల్లగా.

"ఊరుకోను" అంది. "ఇంత దూరం వచ్చింది కదా, వింటది." మళ్లీ నా వైపు తిరిగింది. "మీరు ఫోన్ చేసినందుకు నాకు కోపం లేదు. చెయ్యకపోయుంటే ఉండేది. ఒకటి చెప్పండి. చేరింది అని ఉంది కదా, ఎవరు చూశారు చేరినట్టు?"

"ఎవరూ చూడలేదు. నేనే రాశాను."

"అదే. ఎవరు చూశారో కూడా పక్కన రాయాలి. ఐసు కొట్టు ఆయన చూశాడంటే నమ్ముతాను. పక్క రేవులో మా చిన్నాన్న చూశాడంటే నమ్ముతాను. రంగు చూసి ఏం నమ్మాలి?"

ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఆ మాట నాకు తట్టలేదు. మాస్టారికీ తట్టలేదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "పిల్ల మాట సబబుగా ఉందమ్మాయ్" అన్నారు.

లాప్‌టాప్ సంచిలోనే ఉంది. వాళ్ల వరండాలోనే కూర్చుని తీశాను. నంబరు పక్కన, రంగు పక్కన, ఇంకో గడి పెట్టాను. చూసినవాళ్ల పేరు, చూసిన టైము. ఆ గడి ఖాళీగా ఉంటే బోటు పచ్చగా మారకుండా చేశాను. గంటన్నర పట్టింది. మధ్యలో ఆవిడ టీ ఇచ్చింది. పాప బడి నుంచి వచ్చి నా పక్కన చేరి, ఏం రాస్తున్నానని అడిగింది. మీ నాన్న బోటు గురించి అన్నాను.

పని అయ్యాక పాత వరసలకి కూడా ఆ గడి నింపుదామని మాస్టారు అన్నారు. ఆ రోజు నాగాయలంక రేవుకి వచ్చిన బోట్లన్నిటికీ ఐసు కొట్టు ఆయన పేరు పడింది. చివరికి సరంగు బోటు దగ్గర ఆగాను.

"దీనికీ ఆయన పేరేనా?" అని అడిగాను.

"కాదండీ" అన్నాడు సరంగు. "ఆయన ఐసు కొట్టు దగ్గరే ఉన్నాడు. మేం తిరిగి వస్తుంటే గట్టు మీద వానలో నిలబడి ముందు చూసింది ఇదే."

"అయితే నా పేరు రాయండి" అంది ఆవిడ.

రాశాను. టైము అడిగితే ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు. చాలాసేపు వాదించుకుని, అయిదుకి ఓ పది నిమిషాల ముందు అని తేల్చారు.